ఫైర్ హాలు తలుపు ముందు మంచు

చి. శ్రీనుకి,

మామయ్య ఆశీస్సులు. ఉద్యోగం ఖాయమైందని నీ మెసేజ్ చూసి మీ అత్తయ్య కేసరి చేసింది, నీ వాటా కూడా నేనే తిన్నాను. కెనడా ఉత్తరానికి వెళ్లేవాళ్లంతా జీతం ఎంత, ఇల్లు ఇస్తారా, కోటు ఎక్కడ కొనాలి అని అడుగుతారు. నువ్వేమో "మామయ్యా, ఆ ఊళ్లో ఫైర్ డిపార్ట్‌మెంటు కూడా మా ఆఫీసే చూసుకోవాలట, నాకేం తెలుసని?" అన్నావు. భయం సరైన చోటే మొదలైంది. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు కాబట్టి రాసి పంపుతున్నాను.

ముందు కాకినాడలో చూసిన అగ్నిమాపక కేంద్రాన్ని బుర్రలోంచి తీసెయ్. షిఫ్టులు, యూనిఫాంలు, 101కి ఫోను కొట్టడం, అవేవీ అక్కడ లేవు. నునావుట్‌లో (నువ్వెళ్లే ఆ ఉత్తరపు ప్రాంతం పేరు అదే) ఉన్నవి 25 ఊళ్లు, ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య రోడ్డు లేదు. మన దగ్గరైతే మంట పెద్దదైతే పక్క ఊరి నుంచి ఇంకో ఫైరింజన్ వస్తుంది. అక్కడ పక్క ఊరంటే విమానం ఎక్కాలి. మంట లేచిన రాత్రి నీ ఊళ్లో ఏ బండి ఉందో, ఎంతమంది నిలబడగలరో, అంతే. ఆ మనుషులు కూడా వాలంటీర్లు. ఒకడు బడిలో ఊడ్చి తుడిచే పని చేస్తాడు, ఇంకొకడు కోఆప్ స్టోర్లో సరుకులు సర్దుతాడు, ఇద్దరు ముగ్గురు మీ హామ్లెట్ (మన పంచాయతీ లాంటిది) నీళ్ల ట్రక్కే తోలుతుంటారు.

ఆ నీళ్ల ట్రక్కు సంగతి నీకు బాగా తెలియాలి. నేల అడుగున ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది, అందులో పైపులు వేసి కాపాడుకోవడం తలకు మించిన ఖర్చు. అందుకే చాలా ఊళ్లలో ప్రతి ఇంట్లో ఒక నీళ్ల ట్యాంకు, ఒక మురుగు ట్యాంకు ఉంటాయి. ఒక ట్రక్కు వచ్చి నింపుతుంది, ఇంకో ట్రక్కు వచ్చి లాగేస్తుంది. ఎండాకాలంలో ట్యాంకర్ వస్తుందని మీ అమ్మ బిందెలు వరస పెట్టి వీధి చివర నిలబడేది గుర్తుందా? అక్కడ పన్నెండు నెలలూ అదే బతుకు. కాకపోతే బిందెల్లేవు, తగాదాలూ తక్కువ.

ఇప్పుడు లెక్క చూడు. నేను పనిచేసిన ఊళ్లో ఫైరింజన్ ట్యాంకుకి 4,000 లీటర్లు పట్టేవి. ఒక్క చేతి గొట్టం పూర్తిగా తెరిస్తే నిమిషానికి దాదాపు 400 లీటర్లు పోతాయి. అంటే పది నిమిషాలు. వీధిలో గొట్టం తగిలించుకునే కుళాయి, అదే హైడ్రంట్, లేదు. పదకొండో నిమిషం నుంచి ఆధారం నీళ్ల ట్రక్కే. చెరువు గట్టున ఉన్న పంపు దగ్గరికి పోయి, నింపుకుని, మంచు రోడ్డు మీద తిరిగి రావాలి. నీ టేబుల్ మీద నీటి సరఫరా ఒక ఫైలు, ఫైర్ ఇంకో ఫైలు, రోడ్ల మీద మంచు తీయడం మూడో ఫైలుగా వస్తాయి. మూడింటినీ ఒకే ఫైలుగా చదువు. సాయంత్రం ఆఖరి ట్రిప్పు అయ్యాక నీళ్ల ట్రక్కు ఖాళీగా గరాజ్‌లోకి రాకూడదు, నిండా నింపుకునే రావాలి. డ్రైవర్లు సణుగుతారు. అరగంట ఓవర్‌టైం ఇచ్చెయ్.

ఇలాంటి ఓవర్‌టైం దగ్గరే నేను తప్పు చేశాను. ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు.

ఉత్తరానికి వచ్చిన రెండో చలికాలం. అప్పుడు నేను ఒక హామ్లెట్‌లో ఫైనాన్స్ ఆఫీసర్ని. మంచు తీసే పద్దు జనవరికే దాటిపోయింది. శని, ఆదివారాల్లో లోడర్ తోలేవాడికి ఓవర్‌టైం ఆపేస్తూ మెమో రాశాను. ఆఫీసులు మూసే ఉంటాయి కదా, రోడ్లు సోమవారం తీసుకోవచ్చని నా తెలివి. ఫైరింజన్ ఉండే గరాజ్, అదే ఫైర్ హాలు, ముందు జాగా గురించి ఆ మెమోలో ఒక్క ముక్క లేదు. అప్పుడు నాకది తట్టనేలేదు. ఆ ఆదివారం పొద్దున మొదలైన మంచు గాలి సాయంత్రానికి తగ్గింది. రాత్రి తొమ్మిదింటికి ఫోను. పరిగెత్తి వెళ్లేసరికి తలుపుకి అడ్డంగా నడుమెత్తు మంచు. గాలి కొట్టుకొచ్చి పేర్చిన మంచు సినిమాల్లో చూపించేలా దూదిలా ఉండదురా. పాత బెల్లం అచ్చులా ఉంటుంది, పార దిగదు, ముక్కలుగా కోసి పక్కకి విసరాలి. అదంతా తీశాక తలుపు లేవలేదు. వెచ్చటి గరాజ్ లోపలి నుంచి కారిన నీళ్లు తలుపు అడుగున గడ్డకట్టి దాన్ని నేలకి అతికించేశాయి. ఒకడు గునపంతో పొడుస్తుంటే ఇంకొకడు కెటిల్‌తో వేడినీళ్లు తెచ్చి పోశాడు. ఇంజను హీటరు ప్లగ్ పెట్టే నాథుడు ఆ రోజు డ్యూటీలో లేడు గనక లోడర్ స్టార్టు కాలేదు. బండి బయటికి రావడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అంటాం కదా, మేం మంచు తవ్వాం. ఆ ఇల్లు దక్కలేదు. మనుషులు మాత్రం బయటపడ్డారు. ముసలావిడ ఒకరు, కాళ్లకి ఉత్త మేజోళ్లతో, ఎవరిదో స్నోమొబైల్ మీద కూర్చుని చూస్తూ ఉంది. ఆమె మనవడు మా ఆఫీసులోనే పనిచేసేవాడు. మర్నాడు యథాప్రకారం వచ్చాడు, నాకు గుడ్ మార్నింగ్ చెప్పాడు, నా మెమో అంటించిన నోటీసు బోర్డు పక్కనుంచే వెళ్లి తన సీట్లో కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

అందుకని ఊళ్లో దిగిన మర్నాడు కంప్యూటర్ పాస్‌వర్డ్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకు. ఫైర్ హాలుకి నడిచి వెళ్లు. తలుపు నీ చేత్తో ఎత్తి చూడు. కరెంటు లేకపోతే చేత్తో ఎత్తే గొలుసు ఉందా, అది ఎవరికైనా అలవాటుందా అని అడుగు. తలుపు ముందు జాగా తీశాకే మిగతా రోడ్లు తీయాలని, వారాంతమైనా పండగైనా ఇదే వరస అని కాగితం మీద పెట్టు. బండిని ఫైర్ చీఫ్ చేత కాదు, అందరికంటే కొత్తగా చేరిన వాలంటీర్ చేత స్టార్టు చేయించి నీళ్లు కొట్టించు. చీఫ్‌కి ఎలాగూ వచ్చు, ఆయన విమానమెక్కి ఊరెళ్లిన రోజు సంగతి నీకు తెలియాలి.

చలి గురించి నీకు చాలామంది చాలా చెబుతారు, నేను నీళ్ల గురించే చెబుతాను. మైనస్ 40లో నీళ్లు కదులుతున్నంతసేపే నీళ్లు. గొట్టం చివర నాజిల్ పూర్తిగా కట్టేశారా, కాసేపట్లో గొట్టం లోపలే గడ్డకట్టి ఇక ఆ గొట్టం లేనట్టే. పని లేకపోయినా సన్నగా వదులుతూనే ఉండాలని కుర్రాళ్లకి నూరిపొయ్యాలి. పని అయ్యాక పంపులో చుక్క లేకుండా దించెయ్యాలి, లేకపోతే అది పగులుతుంది. తడిసిన గొట్టాలు చుట్టడానికి రావు, వెదురు బొంగుల్లా బిగుసుకుపోతాయి. వాటిని ఉన్నపళంగా పికప్ వెనకాల పొడుగ్గా పడేసి, సగం బయటికి వేలాడుతుంటే నెమ్మదిగా తోలుకొచ్చి, గరాజ్ నేల మీద పరిస్తే తెల్లారేసరికి మెత్తబడతాయి. దానికి ఖాళీ నేల కావాలి. గరాజ్ వెచ్చగా ఉంటుంది కదా అని కౌన్సిలర్‌గారు తన స్నోమొబైల్ రిపేరుకి తెచ్చి పెడతారు. మర్యాదగానే వద్దని చెప్పు, కానీ మొదటిసారే చెప్పు.

గొట్టాలంటే ఇంకోటి గుర్తొచ్చింది. కెనడాలో ఫైర్ గొట్టాలని ఒకదానికొకటి బిగించే కప్లింగుల మరలు, అంటే థ్రెడ్లు, అన్ని రాష్ట్రాల్లో ఒకటి కావు. క్యుబెక్‌ది ఒక రకం, పశ్చిమాన ఇంకో రకం. నీ ఊరికి సరుకు వేసవిలో మాంట్రియల్ వైపు నుంచి ఓడ మీద వస్తుంది. పాత బండి ఇంకెక్కడి నుంచో వచ్చి ఉంటుంది. ఉన్న కప్లింగు ఫోటో తీసి, కొలిచి, థ్రెడ్ రకం పేరు రాసి ఆర్డరు పెట్టు. లేకపోతే మెరిసిపోయే కొత్త గొట్టాలు వస్తాయి, బిగించబోతే ఎక్కవు, మళ్లీ ఓడ వచ్చేది మరుసటి వేసవికే. అడాప్టర్లు విమానంలో తెప్పించుకుంటే వాటి కిరాయికి నీకు ఏడుపొస్తుంది. నాకొచ్చింది.

ఇక మనుషులు. ఊళ్లో ఇళ్లకి నంబర్లే తప్ప వీధి పేర్లతో ఎవరికీ పని ఉండదు. చలికాలంలో ఆ నంబరు బోర్డు మంచులో కూరుకుపోతుంది. ఏ ఇంట్లో ఎంతమంది, ఎవరికి ఆక్సిజన్ మెషీను ఉంది, ఎవరింటి వెనక తలుపు మంచు పేరుకుని తెరుచుకోదు, ఇవన్నీ నీళ్ల డ్రైవర్‌కి తెలుసు. వారానికి రెండు మూడుసార్లు ప్రతి గుమ్మం తొక్కేది అతనొక్కడే. ఒక రోజు అతని పక్క సీట్లో కూర్చుని ఊరంతా తిరుగు. మాట్లాడించకు, అతనే చెబుతాడు. ఆ రోజు రాసుకున్న పుస్తకం నాకు పదేళ్లు పనికొచ్చింది.

మే నెలలో బాతుల వేట మొదలవుతుంది. సగం మంది వాలంటీర్లు కుటుంబాలతో మంచు మీద గుడారాలకి వెళ్లిపోతారు. దానికి విసుక్కోకు, సంక్రాంతికి ఊరెళ్లొద్దని నిన్నంటే నువ్వూరుకుంటావా? ఎవరు ఎప్పుడు వెళ్తారో ముందే అడిగి, ఏ రాత్రయినా కనీసం నలుగురైనా ఊళ్లో ఉండేలా వాళ్ల చేతే పట్టిక వేయించు. పిలిస్తే వచ్చిన ప్రతిసారీ వాలంటీర్లకి ఇచ్చే డబ్బులు ఆలస్యం చేయకు. మిగతా బిల్లులు ఒక వారం ఆగుతాయి.

లోపల మనిషి లేడని తేలితే ఎవర్నీ లోపలికి పోనివ్వకు. నువ్వు మంట దగ్గర ఆర్డర్లు వేయకూడదు, అది చీఫ్ పని. కానీ ఈ ఒక్క మాట చీఫ్‌తో ముందే కూర్చుని తేల్చుకో. 2005 మార్చిలో నేనుండే ఈ యెల్లోనైఫ్‌లోనే కప్పు కూలి ఇద్దరు ఫైర్‌ఫైటర్లు పోయారు. వాళ్లు మంచి ట్రైనింగ్ ఉన్న నగరపు మనుషులు. నీ దగ్గరుండే కుర్రాళ్లు నెలకి రెండు సాయంత్రాలు నేర్చుకునేవాళ్లు. కాలే ఇంటిని వదిలేసి పక్కింటి గోడ తడపడం పిరికితనమేం కాదని వాళ్లకి ఒకరు చెప్పాలి.

మంటలు ఎక్కువగా ఎక్కడ పుడతాయో కూడా చెబుతాను. గడ్డకట్టిన పైపుని గ్యాస్ టార్చ్‌తో కరిగించబోయి గోడ అంటించుకోవడం. ఏడాదిగా శుభ్రం చేయని ఫర్నేసు (ఇల్లు వెచ్చబెట్టే ఆయిల్ పొయ్యి) చిమ్నీ. ఊరి రేడియోలో అక్కడివాళ్ల భాష ఇనుక్టిటుట్‌లో పెద్దావిడ ఎవరిచేతైనా నవంబరులోనే చెప్పించు, నీ ఇంగ్లిష్ పోస్టరు ఎవరూ చదవరు. కరెంటు పోవడం ఇంకో ప్రమాదం. 2015 ఏప్రిల్‌లో పాంగ్నిర్తుంగ్‌లో పవర్‌హౌస్ అంటుకుని ఎమర్జెన్సీ ప్రకటించాల్సి వచ్చింది. కరెంటు లేకపోతే ట్యాంకు నిండా ఆయిల్ ఉన్నా ఫర్నేసు వెలగదు. ఇల్లు చల్లబడితే పైపులు పగులుతాయి. జనం క్యాంపు స్టవ్వులు లోపలికి తెచ్చుకుంటారు, విషవాయువు, మంట రెండూ అక్కడే. అలాంటప్పుడు అందర్నీ ఒక పెద్ద హాల్లో చేర్చాలి, ఆ హాలు చాలా ఊళ్లలో బడే. 2015లో కింగైట్‌లో, 2017లో కుగారుక్‌లో ఆ బడులే కాలిపోయాయి. కాబట్టి రెండో హాలు ఏదో, దాని జనరేటరు పనిచేస్తుందో లేదో అక్టోబరులోపే చూసుకో.

చెత్త కుప్పని తేలిగ్గా తీసుకోకు. నునావుట్ రాజధాని ఇకాలుయిట్ డంపు 2014 మేలో అంటుకుంటే సెప్టెంబరు దాకా పొగలు కక్కుతూనే ఉంది. జనం దానికి అగ్నిపర్వతం పేరు కలిపి 'డంప్‌కేనో' అని పేరు పెట్టుకున్నారు. చివరికి కాలే చెత్తని తవ్వి తీసి నీళ్లలో ముంచి ఆర్పారు.

అదే ఇకాలుయిట్‌లో 2021 అక్టోబరులో కుళాయి నీళ్లలో ఇంధనం వాసన వస్తోందని జనం మొత్తుకున్నారు. మొదటి పరీక్షల్లో ఏమీ కనబడలేదు, తర్వాత నిజమేనని తేలింది. డిసెంబరు దాకా ఆ నీళ్లు తాగడానికి లేకపోయింది. ఒక ముసలాయన ఆఫీసుకొచ్చి నీళ్లు తేడాగా ఉన్నాయంటే, రిపోర్టులో బాగానే ఉందని చెప్పి పంపేయకు. గ్లాసు తెప్పించి నువ్వూ వాసన చూడు.

అడవి మంటల వల్ల మేం 2023 ఆగస్టులో యెల్లోనైఫ్ ఖాళీ చేసిన కథ నీకు తెలిసిందే, దాదాపు 20,000 మంది, బయటికి పోవడానికి ఒకే రోడ్డు. నీ ఊరికి ఆ ఒక్క రోడ్డు కూడా లేదు. ఎవరిని ముందు విమానం ఎక్కించాలో నర్సింగ్ స్టేషన్ వాళ్లతో కూర్చుని జాబితా రాసి పెట్టుకో, ఆరు నెలలకోసారి దాన్ని దిద్దు.

వెళ్లిన వారంలో కప్లింగు ఫోటో నాకు పంపు, థ్రెడ్ రకం నేను చూసి చెబుతాను. ఆవకాయ విమానంలో పంపితే సీసా కారుతుందని మీ అత్తయ్య పట్టుదల, ఓడ మీద పంపుతానంటోంది, కాబట్టి వచ్చే వేసవి దాకా ఓపిక పట్టు. మీ అమ్మ చలెంత ఉంటుందని అడిగితే మైనస్ 20 అని చెప్పాను. నువ్వు దిద్దకు.

మీ మామయ్య