15 లక్షల లోన్ ఎందుకు రాలేదంటే

తమ్ముడూ, బెంగళూరు మారతహళ్లిలో మీ బట్టల షాపుకి ఏడాదికి 60 లక్షల అమ్మకాలున్నా, 15 లక్షల ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో ఉన్నదానికి మించి వాడుకునే అప్పు) అడిగితే బ్యాంకు కాదందని రాశారు. అసలు చిక్కు మీరు మధ్యలో మామూలుగా చెప్పేసిన మాటలో ఉంది: యూపీఐ స్కానర్ మీ ఆవిడ సేవింగ్స్ ఖాతాకి పెట్టారు, జీఎస్టీలో 42 లక్షలే చూపించారు.

బ్యాంకుకి కనిపించేది ఆ 42 లక్షలే. చిన్న వ్యాపారాల వర్కింగ్ క్యాపిటల్‌కి, అంటే రోజువారీ నడపడానికి కావాల్సిన డబ్బుకి, రిజర్వ్ బ్యాంకు వేసిన నాయక్ కమిటీ చెప్పిన లెక్క ఒకటుంది. వచ్చే ఏడాది అమ్మకాల అంచనాలో 25 శాతం అవసరమనుకుంటారు. ఆ 25లో అమ్మకాల మీద 20 శాతం బ్యాంకు ఇస్తుంది, మిగతా 5 శాతం మనం పెట్టుకోవాలి. 42 లక్షల మీద బ్యాంకు ఇచ్చేది 8 లక్షల 40 వేలు. మొత్తం 60 చూపించినా 12 లక్షలే కదా! 15 ఎక్కడిది?

ముందు స్కానర్‌ని షాపు కరెంట్ ఖాతాకి మార్చండి. సరుకిచ్చే చిక్‌పేట హోల్‌సేల్ వాళ్లకీ అందులోంచే కట్టండి. రిటర్నుల్లో అమ్మకాలు ఉన్నవి ఉన్నట్టు చూపించండి. పాత తేడాల సంగతి ఆడిటర్‌తో మాట్లాడాల్సిందే. ఆర్నెల్ల స్టేట్‌మెంట్ శుభ్రంగా కనిపించాక 8 లక్షలకి మళ్లీ అడగండి.

షాపు మీ ఒక్కరి పేరు మీదే కాబట్టి మీ సొంత సిబిల్ (అప్పులు ఎలా కట్టారో చూపే రిపోర్టు, స్కోరు) కూడా చూస్తారు. బైక్ ఈఎంఐ రెండుసార్లు ఆలస్యమైందన్నారుగా, అదీ అందులో ఉంటుంది. ఈలోగా నాలుగు బ్యాంకులు తిరగొద్దు, లోన్ అడిగినప్పుడు బ్యాంకు చేసే ప్రతి ఎంక్వైరీ ఆ రిపోర్టులో పడుతుంది.

తాకట్టు గురించి టెన్షన్ వద్దు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే నమోదు) ఉంటే, తాకట్టు లేని లోన్లకి బ్యాంకుకి హామీ ఇచ్చే సీజీటీఎంఎస్ఈ అనే ట్రస్టు గ్యారంటీ కింద పెట్టమని మేనేజర్‌ని మీరే అడగండి.