ఫిర్యాదు చేస్తే శరణార్థి కుటుంబాన్ని వెనక్కి పంపేస్తారా?

ప్రశ్న: నేను టెన్నిస్ శిక్షకురాలిని. మా దగ్గర ఆడే పదహారేళ్ల అమ్మాయి కుటుంబం యుద్ధం వల్ల శరణార్థులుగా వచ్చింది. ఓడిన రోజు ఆమెను తండ్రి బెల్టుతో కొడతాడు. బహుమతి డబ్బంతా ఆయనే ఉంచుకుంటాడు. నోరు విప్పితే అందరినీ వెనక్కి పంపేస్తారని బెదిరిస్తున్నాడట. నిజంగా పంపేస్తారా? నేనేం చేయాలి?

జవాబు: దెబ్బలకన్నా ఆ బెదిరింపే అమ్మాయి నోరు గట్టిగా కట్టేస్తోంది కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను. తనపై జరిగిన హింసను చెప్పుకున్నందుకు ఏ బిడ్డకూ ఆశ్రయం రద్దు కాదు. ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పు ఉన్న చోటికి శరణార్థిని తిప్పి పంపడాన్ని 1951 నాటి శరణార్థుల ఒడంబడికలోని 33వ అధికరణం నిషేధిస్తోంది. చట్టబద్ధంగా ఉంటున్న శరణార్థిని దేశభద్రత, ప్రజాశాంతి కారణాలపై తప్ప బహిష్కరించరాదని 32వ అధికరణం చెబుతోంది. తీవ్రమైన నేరం రుజువైతే తండ్రి సొంత హోదాకు చిక్కు రావచ్చు, ఆ మాట దాచను. అయితే అది ఆయన చేసిన పనికి వచ్చే ఫలితమే తప్ప కూతురి తప్పు కాదు. ఆమె పత్రాలు తండ్రి దరఖాస్తుపై ఆధారపడి ఉంటే, ఆమె పేరిట విడిగా దరఖాస్తు చేసే వీలుందేమో శరణార్థుల కేసులు చూసే న్యాయవాదిని అడగండి. దానికోసం ఫిర్యాదును మాత్రం ఆపకండి.

శిక్షణ పేరుతో కొట్టే హక్కు ఎవరికీ లేదు. తల్లిదండ్రుల సంరక్షణలో ఉన్నప్పుడు కూడా బిడ్డను శారీరక, మానసిక హింస నుంచి కాపాడవలసిన బాధ్యతను 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలోని 19వ అధికరణం ప్రభుత్వంపైనే పెట్టింది. శరణార్థి పిల్లలకు ఆ హక్కులన్నీ అందేలా చూడాలని 22వ అధికరణం ప్రత్యేకంగా చెప్పింది.

యుద్ధం వల్ల యుగొస్లావియాలోని స్వస్థలం విడిచి 1994లో ఆస్ట్రేలియా చేరిన టెన్నిస్ క్రీడాకారిణి జెలెనా డోకిచ్, 1999 వింబుల్డన్ తొలి రౌండులో ప్రపంచ నంబర్ వన్ మార్టినా హింగిస్‌ను ఓడించింది. ఆమె తండ్రి మైదానాల్లో చేసిన గొడవల కారణంగా 2000లో మహిళల టెన్నిస్ సంఘం ఆయనను పోటీలకు రానివ్వకుండా కొంతకాలం నిషేధించింది. ఇంట్లో తిన్న దెబ్బల గురించి మాత్రం ఆమె ఏళ్ల తరువాత, పెద్దయ్యాకే వివరంగా చెప్పగలిగింది. మైదానంలోకి రావద్దన్న ఉత్తర్వు ఇంటి తలుపు దాటి లోపలికి వెళ్లలేదు. అందుకే మీరు క్రీడాసంఘానికి చెప్పి ఊరుకోవద్దు, బాలల సంరక్షణ అధికారులకు కూడా తెలపండి. పైగా కొన్ని దేశాల్లో శిక్షకులు ఇలా తెలపడం చట్టం విధించిన బాధ్యత.

తండ్రిని మీరు నిలదీయకండి, ఆ కోపం రాత్రికి ఆమెపైనే తీరుతుంది. ఎవరికీ చెప్పనని ఆమెకు మాట ఇవ్వకండి. ఆమె చెప్పినది ఆమె మాటల్లోనే, తేదీతో రాసి ఉంచండి. గుచ్చి గుచ్చి అడగకండి. బహుమతి డబ్బు లెక్క తరువాతైనా అడగవచ్చు కనుక పోటీల రసీదులు భద్రపరచండి. అధికారులు మాట్లాడేటప్పుడు దుబాసీగా తండ్రినిగానీ, వాళ్ల బంధువులనుగానీ, ఆ కుటుంబానికి తెలిసినవాళ్లనుగానీ పెట్టవద్దని ముందే రాతపూర్వకంగా కోరండి.