గంటసేపు బుద్ధిగా కూర్చుంటే నమ్మరేమో అన్న భయం వద్దు
ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని సమస్య) ఉందేమో చూపించుకుందామని వెళ్లి, సైకాలజిస్ట్ ముందు కుదురుగా కూర్చుంటే 'మీకది లేదు' అని పంపేస్తారేమో అన్నారు కదా, ఆ టెన్షన్ వద్దండి. ఆ గంటలో ఎలా ఉన్నారన్నదాని కన్నా చిన్నప్పటి నుంచి ఎలా ఉన్నారన్నదే వాళ్లకు ముఖ్యం. రక్తపరీక్షతోనో స్కాన్‌తోనో తేలేది కాదిది. డీఎస్‌ఎం-5 (మానసిక సమస్యల నిర్ధారణకు నిపుణులు వాడే పుస్తకం) ప్రకారం 12 ఏళ్లలోపే కొన్ని లక్షణాలు కనిపించి ఉండాలి, అవీ కనీసం రెండు చోట్ల, అంటే ఇంట్లోనూ బడిలోనూ, అలా. అందుకే ముందు పాత ప్రోగ్రెస్ కార్డులు వెతకండి. నా మూడో తరగతి కార్డులో 'తెలివైనదే, కానీ కిటికీలోంచి చూస్తూ ఉండిపోతుంది' అని టీచర్ రాసిన ఒక్క లైను, నేను అరగంట చెప్పినదానికన్నా ఎక్కువ పనికొచ్చింది. వీలైతే అమ్మనో అక్కనో వెంట తీసుకెళ్లండి. నిద్ర పట్టకపోవడం, ఆందోళన లాంటివి దాచకండి, వాటివల్లా ధ్యాస నిలవదు. మందులు మాత్రం చాలాచోట్ల సైకియాట్రిస్టే రాయాలి.