రెండో రొమ్ము కూడా తీయించుకోవాలా? ముందు జీన్ టెస్ట్ చేయించండి

మీ అక్కకి 41 ఏళ్లనీ, ఎడమ రొమ్ము తీసేసి ఇప్పుడు కీమో ఇస్తున్నారనీ రాశారు. కుడివైపు కూడా తీయించేసుకుంటే మళ్లీ రాదని పట్టుబడుతోంది, ఒప్పుకోవాలా అని అడిగారు. మాది గుంటూరు. నాకు రెండు వైపులా తీసేశారు. మొదటిది జబ్బుకి, రెండోది ముందుజాగ్రత్తకి. అయినా క్యాన్సర్ తెచ్చే లోపం పుట్టుకతోనే ఉందేమో చూసే జీన్ టెస్ట్ రిపోర్టు చేతికి రాకముందు రెండోదాని గురించి నిర్ణయం తీసుకోవద్దనే చెబుతాను.

రెండో రొమ్ము తీస్తే, అందులో కొత్తగా క్యాన్సర్ పుట్టే ముప్పు నూటికి తొంభై వంతులకు పైగా తగ్గుతుంది. కానీ మొదటి గడ్డలోంచి కణాలు ఎముకల్లోకో ఊపిరితిత్తుల్లోకో అప్పటికే చేరి ఉంటే ఈ ఆపరేషన్ వాటినేమీ చేయలేదు. వాటి పని పట్టాల్సింది కీమో, మందులు. మీ అక్క భయం ఈ రెండింటిలో దేని గురించో ఆమె దగ్గర కూర్చుని నెమ్మదిగా అడగండి. జీన్‌లో లోపం లేనివాళ్లకి రెండోవైపు కొత్తగా వచ్చే అవకాశం ఏడాదికి సుమారు అర శాతం, లేదా అంతకంటే తక్కువ. హార్మోన్ రకం గడ్డ అయి టామాక్సిఫెన్ లాంటి మాత్రలు వాడితే ఇంకా తగ్గుతుంది. అలాంటివాళ్లు రెండోది తీయించుకుంటే ఎక్కువకాలం బతుకుతారని ఇప్పటిదాకా తేలలేదు.

లోపం ఉంటే లెక్క వేరు. 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, ఒకవైపు క్యాన్సర్ వచ్చిన 20 ఏళ్లలో రెండోవైపు వచ్చే ముప్పు బీఆర్‌సీఏ1 అనే జీన్‌లో లోపం ఉన్నవాళ్లకి 40 శాతం, బీఆర్‌సీఏ2 అనే జీన్‌లో అయితే 26 శాతం. నాది బీఆర్‌సీఏ1, పైగా ట్రిపుల్ నెగటివ్ గడ్డ, అంటే టామాక్సిఫెన్ పనిచేయని రకం. అందుకే తీయించుకున్నాను.

మీ నాన్నగారి వైపు కూడా ఆరా తీయండి, ఈ లోపం అటునుంచీ వస్తుంది. మా మేనత్త కడుపులో నీరు చేరి పోయిందని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. విజయవాడ సూర్యారావుపేటలో కౌన్సెలింగ్‌కి వెళ్తే ఆవిడ పాత కాగితాలు వెతికి తెమ్మన్నారు. చూస్తే అండాశయ క్యాన్సర్, ఇదే లోపంతో అదీ రావచ్చు. పిల్లలకి సంబంధాలు రావని మా పెద్దవాళ్లు టెస్టే వద్దన్నారు. రిపోర్టు మన చేతికే ఇస్తారు, ఎవరికి చెప్పాలన్నది మన ఇష్టం. ఒకవేళ రిపోర్టులో వీయూఎస్ అని రాస్తే, మార్పు కనిపించింది కానీ చెడ్డదో కాదో తేలలేదని అర్థం. దాన్ని పట్టుకుని ఆపరేషన్‌కి వెళ్లకూడదు.

ఆపరేషన్ తర్వాత సంగతి కూడా ఆమెకి ముందే తెలియాలి. డ్రెయిన్ పైపులు కొన్నాళ్లు ఉంటాయి. వాటి డబ్బాలో చేరిన నీరు ఎన్ని ఎమ్మెల్ అని రోజూ కొలిచి రాసుకోవాలి. అది గడిచిపోతుంది. మొద్దుబారడం మాత్రం నాకు పోలేదు. ఇప్పటికీ పైట జారితే తెలియదు, కళ్లతో చూసుకుని సర్దుకోవాలి. వేడి టీ ఒలికినా చర్మం ఎర్రబడ్డాకే గమనిస్తాను. ఇంప్లాంట్‌తో గానీ పొట్ట దగ్గరి కొవ్వుతో గానీ మళ్లీ ఆకారం తెప్పిస్తారు, అయినా ఆ స్పర్శ మునుపటిలా ఉండదు. నాకు అక్కర్లేదనిపించింది, మీ అక్క ఇష్టం వేరే కావచ్చు.

తొందర కూడా లేదు. పుండు మానడం ఆలస్యమై కీమో, రేడియేషన్ వెనక్కి పోతే అసలు జబ్బుకే నష్టం. నేను వైద్యం మొత్తం పూర్తయ్యాకే చేయించుకున్నాను. వద్దనుకుంటే, లోపం ఉన్నవాళ్లకి ఏటా ఎమ్మారై, మామోగ్రామ్ చేస్తూ కనిపెట్టి ఉంటారు. అండాశయాలకి అలా నమ్మదగ్గ పరీక్ష లేదు. అందుకే బీఆర్‌సీఏ1 ఉంటే, పిల్లలు చాలనుకున్నాక 35-40 ఏళ్ల మధ్య వాటిని తీయించమంటారు. మీ అక్క వయసుకి రొమ్ముకంటే ముందు మాట్లాడాల్సింది దాని గురించే కావచ్చు.

ఇన్సూరెన్స్ ఉంటే ముందుజాగ్రత్త ఆపరేషన్‌కి డబ్బిస్తారో లేదో రాతపూర్వకంగా అడగండి.

మీ అక్కకి పాజిటివ్ వస్తే మీకూ, అన్నదమ్ములుంటే వాళ్లకీ ఉండే అవకాశం సగం సగం. మగవాళ్లే కదా అని వదిలేయొద్దు. మా తమ్ముడికి ఉందని తేలింది. వాడి కూతురు ఇంటర్ చదువుతోంది. పాతికేళ్లు వచ్చేసరికి టెస్ట్ సంగతి తనే తేల్చుకోవచ్చని కౌన్సెలర్ చెప్పారు, అందుకని ఇప్పుడు ఒత్తిడి చేయడం లేదు.