కంపెనీ నిర్ణయాల్లో పర్యావరణాన్ని ఎక్కడ కలపాలి?

"కంపెనీ వ్యూహంలో పర్యావరణాన్ని నిజంగా ఎలా కలపాలి?" అని అడిగారు. ఫ్యాక్టరీ కొనుగోళ్ల విభాగంలో ఏళ్ల తరబడి కొటేషన్లు తిరగేసినవాడిగా నా జవాబు ఒక్కటే: కొనుగోలు ఫైల్లో కలపండి. ఇంకెక్కడ కలిపినా కరగదు.

ఒకసారి గాలి ఒత్తిడి చాలడం లేదని ఉత్పత్తి విభాగం రెండో కంప్రెసర్ (గాలిని ఒత్తి పైపుల్లోంచి యంత్రాలకు పంపేది) అడిగింది. మూడు కొటేషన్లు తెప్పించి, తక్కువ ధర పలికినదాన్ని ఖాయం చేశాం. సంతకం ఒక్కటే మిగిలింది. అప్పుడు మెయింటెనెన్స్ ఫోర్‌మన్ "సెలవు రోజున ఒకసారి వచ్చి వినండి సార్" అన్నాడు. చూడండి అనలేదు, వినండి అన్నాడు. వెళ్లాను. యంత్రాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. పాత కంప్రెసర్ మాత్రం కాసేపు ఊరుకుని మళ్లీ మొదలవుతోంది. ఆ నిశ్శబ్దంలో షెడ్డు నిండా బుసలు. ఆయన సబ్బునీళ్లలో ముంచిన బ్రష్షుతో పైపుల అతుకులు తడుపుతూ పోతుంటే వెనకాలే నురగ పొంగుతూ వచ్చింది. ఒకచోట చిల్లుపడిన గొట్టానికి ఎవరో గుడ్డ చుట్టి తాడు బిగించారు.

నిర్వహణ సరిగా లేని ప్లాంట్లలో కంప్రెసర్ ఇచ్చే గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోవడం మామూలేనట. అంటే చిల్లుల కోసం మేము కొత్త యంత్రం కొనబోయాం! వాషర్లు, గొట్టాలు మార్చాక ఆ ఫైలు మూతపడింది.

అసలు చిక్కు ఇదీ: యంత్రం ధర నా పద్దులో, కరెంటు బిల్లు ఇంకొకరి పద్దులో. చవకగా కొంటే మెప్పు నాకు. మోటారు జీవితకాలపు ఖర్చులో సింహభాగం కరెంటుదే అయినా, కొటేషన్లు పోల్చే పట్టికలో దానికి గడే లేదు. ఆ గడి పెట్టించడానికి నాకు రెండేళ్లు పట్టింది. పర్యావరణ నివేదిక అట్ట రంగు మీద మాత్రం మూడు సమావేశాలు జరిగాయి. పర్యావరణ నిర్వహణకు ఇచ్చే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14001 సర్టిఫికెట్ ఉందిగా అంటారు. అది పద్ధతి ఉందో లేదో చూస్తుంది గానీ కాలుష్యం ఇంత తగ్గాలని అంకె చెప్పదు.

మైక్రోసాఫ్ట్ 2012లో తన విభాగాల మీదే కర్బన రుసుము, అంటే వాటి వల్ల వెలువడే కర్బన ఉద్గారాలకు తగ్గ రుసుము, వేయడం మొదలుపెట్టింది. నాకు నచ్చిన పని అది. ఎవరి బడ్జెట్లోంచి డబ్బు పోతుందో వాళ్లకే చెవులు వినపడతాయి.

తరువాతి వ్యూహ సమావేశానికి ఆ ఫోర్‌మన్‌ను పిలవమని రాశాను. ఆయన హోదాకు ఆ గదిలో కుర్చీ ఉండదన్నారు.