నెల లెక్క సరిపోతున్నా జూన్‌లో గాజులు తాకట్టుకు ఎందుకు వెళ్తున్నాయి?

ప్రశ్న: నా వయసు 34. హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. జీతం 20,000, చేతికి వచ్చేది 18,200. ఇంట్లో బ్లౌజులు కుట్టి సగటున నెలకు 3,800 సంపాదిస్తాను. మూడేళ్ల కింద మా ఆయన గుండెపోటుతో పోయారు. రెండో తరగతి చదివే ఏడేళ్ల పాప, అమ్మ నాతోనే ఉంటారు. కిరాయి 6,000, సరుకులు, పాలు, కూరగాయలు 6,500, గ్యాస్, కరెంటు, ఫోన్ 1,500, స్కూల్ వ్యాన్ 1,000, అమ్మ మందులు 1,500, చిట్టీ 3,000. మహాలక్ష్మి బస్సు వల్ల ప్రయాణ ఖర్చు లేదు. అయినా ప్రతి జూన్‌లో గాజులు కుదువ పెడుతున్నాను. ఈసారి 25,000 తెచ్చాను. ఎక్కడ తగ్గించాలి? పాప పేరున సుకన్య పొదుపు పథకంలో నెలకు 3,000 కట్టమని అన్నయ్య అంటున్నాడు, కట్టనా?

జవాబు: మీరు రాసిన ఖర్చుల్లో దుబారా ఒక్కటీ కనిపించలేదు. ముగ్గురి తిండికి 6,500 అంటే ఇప్పటికే బిగబట్టి నడుపుతున్నారు. అందులో కోయకండి. ఇబ్బంది మీరు రాయని ఖర్చులతో వస్తోంది.

మీ జాబితా ప్రకారం రాబడి 22,000, ఖర్చు 19,500. కాగితం మీద 2,500 మిగలాలి. కానీ ఉత్తరం చివర్లో ఫీజు 32,000, పుస్తకాలు, యూనిఫాం 8,000 అన్నారు. బతుకమ్మ, దసరా బట్టలు, చుట్టాల పెళ్లిళ్లలో చదివింపులు, పాపకు వచ్చే జ్వరాలు అన్నీ కలిపి ఇంకో 10,400 వేసుకుందాం. మొత్తం 50,400, అంటే నెలకు 4,200. మిగిలేది 2,500 మాత్రమే. నెలకు 1,700 చొప్పున ఏడాదికి 20,400 తక్కువ పడుతోంది. గాజుల మీద తెచ్చిన అప్పు ఇంచుమించు అంతే కదా!

చిట్టీ ఇంకా ఐదు నెలలు ఉందని, పాట పాడలేదని రాశారు. మధ్యలో మానొద్దు. చివరిదాకా ఉంటే 60,000లో కమిషన్ పోను దాదాపు అంతా వస్తుంది. అందగానే గాజులు విడిపించండి. మిగిలే 30,000 పైచిలుకు రెండు నెలల ఖర్చుకు దగ్గరగా ఉంటుంది, ఆపదకని వేరే ఖాతాలో వేసి మర్చిపోండి. అప్పటిదాకా కట్టిన ప్రతి నెలా సంతకంతో రసీదు తీసుకోండి. మళ్లీ చిట్టీ వేయాలనిపిస్తే 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయినదే వేయండి. తెలిసినవాళ్లే కదా అని కట్టి, వాళ్లు రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్తే పట్టుకునేందుకు చేతిలో కాగితం కూడా ఉండదు.

చిట్టీ అయిపోయాక నెల ఖర్చు 16,500కు దిగుతుంది. అది జీతంలోనే వెళ్లిపోతుంది. బ్లౌజుల డబ్బు ఇంటి ఖర్చులో కలపకండి. శ్రావణంలో, దసరాకు ఎక్కువొస్తుంది, ఆషాఢంలో చప్పబడుతుంది. అలాంటి రాబడిని నమ్ముకుని కిరాయి కట్టడమే టెన్షన్. అది మొత్తం, జీతంలోంచి ఇంకో 400, స్కూలు, పండుగల ఖాతాకు పోవాలి. వచ్చే జూన్‌కి పూర్తి ఫీజు కూడదు కాబట్టి మూడు విడతల్లో కడతామని స్కూల్లో ఇప్పుడే అడగండి. మొహమాటం వద్దు, చాలా స్కూళ్లు ఒప్పుకుంటాయి.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది: “ఆయన పీఎఫ్ 68,000 నా పేరున వచ్చింది, అంతే అన్నారు.” అంతే కాదమ్మా. ఉద్యోగంలో కొనసాగుతుండగా చనిపోతే భార్యకు నెలనెలా పింఛను వస్తుంది, కనీసం 1,000. పాపకు కనీసం 250, 25 ఏళ్లు నిండేదాకా. చనిపోయిన మరుసటి రోజు నుంచే లెక్క కాబట్టి మూడేళ్ల బకాయి 45,000కు తగ్గకూడదు. దీనికి ఫారం 10డి. ఇది కాక ఈడీఎల్ఐ అనే బీమా ఉంది. ఆయన జీతం నుంచి దానికి పైసా కోయరు, కంపెనీయే కడుతుంది. చనిపోయే ముందు ఏడాది పాటు ఆపకుండా ఉద్యోగంలో ఉంటే కనీసం 2.5 లక్షలు, గరిష్ఠంగా 7 లక్షలు. డ్యూటీలోనే పోవాలనేం లేదు, గుండెపోటుకూ వర్తిస్తుంది. దీనికి ఫారం 5ఐఎఫ్. కొన్ని కంపెనీలు దీని బదులు గ్రూపు పాలసీ తీసుకుంటాయి, అదీ అడగండి.

ఆయన పీఎఫ్ ఖాతాకు ఉండే యూఏఎన్ నంబరు, మరణ ధ్రువపత్రం, పాప జనన ధ్రువపత్రం, మీ ఆధార్, పాస్‌బుక్ పట్టుకుని వరంగల్ పీఎఫ్ ఆఫీసుకు వెళ్లండి. ప్రతి నెలా 27న జిల్లాల్లో జరిపే శిబిరంలోనూ అడగొచ్చు. మూడేళ్లయింది కదా అని వదులుకోకండి. వాటా ఇస్తే పని చేసిపెడతాం అనే మధ్యవర్తులు తగిలితే దూరం పెట్టండి.

మీ పే స్లిప్ కూడా చూడండి. 21,000 లోపు జీతం కాబట్టి ఈఎస్ఐ అనే ఉద్యోగుల ఆరోగ్య బీమా కింద 0.75 శాతం, అంటే 150 కోత పడుతుండాలి. పడుతుంటే మీకు, పాపకే కాదు, మీ మీద ఆధారపడ్డ అమ్మకూ వైద్యం దొరుకుతుంది. ఆమె బీపీ, షుగర్ మందులు డిస్పెన్సరీలో తీసుకుంటే ఆ 1,500లో చాలావరకు మిగులుతుంది.

సుకన్య మంచిదే. 2024 జనవరిలో వడ్డీ 8.2 శాతం చేశారు. కానీ అందులో పెట్టిన డబ్బు పాపకు 18 నిండేదాకా, లేదా పదో తరగతి దాటేదాకా తీయలేరు. జూన్‌లో గాజులు కుదువ పెట్టే ఇంట్లో నెలకు 3,000 అలా బంధించడం తప్పు. పదేళ్లు నిండకముందే తెరవాలి కాబట్టి ఇప్పుడు 250తో తెరిచి ఉంచండి. ఏడాదికి 250 కట్టినా ఖాతా బతికే ఉంటుంది. ఈడీఎల్ఐ డబ్బు వస్తే అందులోంచి వేయొచ్చు.

దానికంటే ముందు బీమా మీ మీద ఉండాలి, ఎందుకంటే ఆ ఇంటికి సంపాదన మీదొక్కటే. ఈ వారమే బ్యాంకులో ఏడాదికి 436 కట్టే జీవనజ్యోతి జీవిత బీమా, 20 కట్టే సురక్ష ప్రమాద బీమా తీసుకోండి. చిట్టీ అయ్యాక నెలకు మిగిలే 1,300లోంచి 30 లక్షల టర్మ్ పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. నామినీగా పాప పేరు రాస్తే, ఆమె మేజర్ అయ్యేదాకా డబ్బు అందుకునే పెద్దవారి పేరు అడుగుతారు. అమ్మ పేరు వద్దు, ఆమె వయసు పైబడింది. అన్నయ్యను అడగండి, కాగితాలన్నీ ఏ బీరువాలో ఉన్నాయో ఆయనకు చూపించండి.