ఊటీలో విల్లానా, మామూలు గదులా? అప్పు తెచ్చేటట్లయితే రెండూ వద్దు

ప్రశ్న: మాది తిరుపతి. నా భర్త రేణిగుంటలో ఒక కర్మాగారంలో, నేను ఒక ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తున్నాము. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 58,000 రూపాయలు. ఇంటి ఖర్చులు 41,000, రెండు లక్షల చీటీకి 8,000 పోతాయి. చీటీ ఇంకా ఎనిమిది నెలలుంది, పాడలేదు. బ్యాంకులో 35,000 ఉన్నాయి. దసరా సెలవుల్లో అత్తమామలతో, పిల్లలతో ఆరుగురం నాలుగు రాత్రులు ఊటీలో ఉండాలనుకుంటున్నాము. లోయ కనిపించే విల్లా రోజుకు 9,500, ఊళ్లో రెండు మామూలు గదులు ఒక్కొక్కటి 2,800, పన్ను విడిగా. విల్లాకు 5,000 బయానా కట్టాము. మొత్తం ప్రయాణానికి ఒక యాప్‌లో 16 శాతం వడ్డీకి రెండేళ్ల గడువుతో లక్ష రూపాయల వ్యక్తిగత రుణం వస్తుంది. అది తీసుకోవాలా, చీటీ పాడాలా, బంగారం తాకట్టు పెట్టాలా? ఏ బస మంచిది?

జవాబు: అమ్మా, ఇటువంటి ఉత్తరాలు సెలవులకు ముందు చాలా వస్తాయి. అన్నింటిలోనూ పొరపాటు ఒక్కటే: ఏ గది తీసుకోవాలన్న దానిపై వారాల తరబడి చర్చించుకున్నవారు, ఆ గదికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్న దాన్ని ఒక్క సాయంత్రంలో తేల్చేస్తారు. మీ ప్రశ్నను ఇక్కడ ప్రచురించడానికి కారణం కూడా అదే.

ముందు లెక్క చూడండి. రోజు అద్దె 7,500 దాటిన బసకు జీఎస్టీ 18 శాతం, ఆ లోపు ఉన్న గదులకు 5 శాతం. కాబట్టి విల్లా నాలుగు రాత్రులకు 44,840 రూపాయలు, రెండు గదులు 23,520 రూపాయలు అవుతాయి. తేడా 21,320. ఇక లక్ష రూపాయల రుణానికి నెలకు సుమారు 4,900 చొప్పున రెండేళ్లలో దాదాపు 17,500 వడ్డీ కడతారు. ప్రాసెసింగ్ రుసుము 2 శాతం అనుకుంటే, దానిపై జీఎస్టీ కలిపి మరో 2,360. అంటే లోయ కనిపించే కిటికీకి మీరిచ్చే అదనపు సొమ్ముకు దాదాపు సమానమైన మొత్తాన్ని రుణదాతకూ ఇస్తున్నారన్నమాట.

అయినా నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది వడ్డీ కాదు, ఆ 35,000. నెలకు 41,000 ఖర్చున్న ఇంటికి ఆరు నెలల అత్యవసర నిధి అంటే 2,46,000 రూపాయలు ఉండాలి. మీ దగ్గర ఉన్నది ఒక నెలకు కూడా చాలదు. కర్మాగారంలో ఒక నెల పని ఆగినా, మామగారిని ఒక రాత్రి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినా మీరు మళ్లీ అదే యాప్ తెరుస్తారు, అప్పటికే నెలకు 4,900 వాయిదా నడుస్తుండగా. విహారయాత్ర కోసం తీసుకున్న అప్పు ఒక్కటే ఇంటిని కుంగదీయదు. దాని మీద పడే రెండో అప్పు కుంగదీస్తుంది. అత్యవసర నిధి లేకుండా కొండ ఎక్కవద్దని నేను ఎంతమందికి చెప్పినా, "నాలుగు రోజులే కదా సార్" అన్న సమాధానమే వస్తుంది. వాయిదాలు నాలుగు రోజులు కావు, ఇరవై నాలుగు నెలలు.

చీటీ ఇప్పుడు పాడితే పాటలో కొంత సొమ్ము వదులుకోవాలి, కనుక వద్దు. బంగారం తాకట్టు విహారానికి కాదు, ఆపదకు ఉంచుకోవలసినది. మామగారికి డెబ్బై ఏళ్లు నిండి ఉంటే ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల వరకు వైద్యం లభిస్తుంది, కార్డు వెంటనే తీసుకోండి.

మీరు చేయవలసింది ఇది. చీటీని చివరిదాకా పాడకుండా ఉంచండి; కమీషను పోగా చేతికి వచ్చే సొమ్మును, ఇప్పుడున్న 35,000ను కదల్చకుండా అత్యవసర నిధిగా పెట్టండి. నెలకు మిగులుతున్న 9,000 ఎనిమిది నెలల్లో 72,000 అవుతుంది. అందులో నిధికి తక్కువైనంత ముందు జమచేసి, మిగిలినదాన్ని వచ్చే ఏడాది దసరా ప్రయాణానికి తీసి ఉంచండి. చీటీ అయిపోయాక ఖాళీ అయ్యే 8,000 కూడా మీ చేతిలోనే ఉంటుంది కనుక అప్పుడు ఊటీ మీకు భారం కాదు.

అప్పటికి బస సంగతి: ఊళ్లోనే రెండు గదులు తీసుకోండి. ఊరికి దూరంగా ఉన్న విల్లాలో దిగితే టిఫినుకూ మందులకూ కూడా టాక్సీ కావాలి. వాలులో కట్టిన ఇళ్లకు మెట్లు ఎక్కువ, పెద్దవారికి అది చిన్న విషయం కాదు. 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఊటీ చలి వారికి పడదనుకుంటే, దిగువనున్న కూనూరులో బస చేసి పగలు ఊటీకి వెళ్లి రావచ్చు. అక్టోబరు, నవంబరు వానల్లో నీలగిరుల్లో కొండచరియలు విరిగిపడి మెట్టుపాళెం నుంచి వెళ్లే కొండ రైలు రద్దయ్యే సందర్భాలుంటాయి కనుక, అద్దె వంద రూపాయలు ఎక్కువైనా సరే, రద్దు చేసుకుంటే డబ్బు వాపసు వచ్చే గదినే ఎంచుకోండి. కోయంబత్తూరు వరకు తిరుపతి నుంచి నేరుగా రైలుంది. కారులోనే వెళ్తే నీలగిరి జిల్లా ఇ-పాస్ మరువకండి.

ఈ దసరాకు పిల్లలను నిరాశపరచడం ఇష్టం లేకపోతే, మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌లో పర్యాటక శాఖ వసతిలో ఒకటి రెండు రాత్రులు ఉండి రండి. ఖర్చు ఆ నెల మిగులు దాటకూడదన్నదే నా షరతు.

బయానా కట్టిన 5,000 పోతుందని విల్లాకు వెళ్లనవసరం లేదు. అడిగి చూడండి, తిరిగి ఇవ్వకపోతే వదిలేయండి. దాన్ని కాపాడుకోవడానికి మిగతా 39,840 కట్టడం లెక్క కాదు. యాప్‌లో రుణానికి దరఖాస్తు పెట్టి ఉంటే ఈ రోజే రద్దు చేయండి. ఈలోగా సొమ్ము ఖాతాలో పడి ఉంటే, రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం డిజిటల్ రుణాలకు ఉండే కూలింగ్ ఆఫ్ గడువులోగా అసలు, ఆ రోజులకు అయ్యే వడ్డీ కట్టి అపరాధ రుసుము లేకుండా బయటపడవచ్చు. ఆ గడువు ఎన్ని రోజులో రుణ ఒప్పంద పత్రంలో రాసి ఉంటుంది, ముందు అది చూడండి.